జెల్ పాలిష్ ఇంట్లోనే తీయడం ఎలా?

ప్రశ్న: పార్లర్‌లో వేయించిన జెల్ పాలిష్ అంచుల్లో లేస్తోంది. మామూలు రిమూవర్‌కి కదలట్లేదు. గోరు పాడవకుండా తీసే పద్ధతి చెప్పండి.

జవాబు 1: ముందు పైనున్న మెరుపు పొర పోవాలి. 180 గ్రిట్ (గరుకుదనం కొలత) నెయిల్ ఫైల్‌తో మెరుపు చచ్చేదాకా రుద్దండి, గోరు తగలకూడదు. ఆ పొర ఉంటే అసిటోన్ (పాలిష్‌ని కరిగించే ద్రవం) లోపలికి దిగదు, అరగంట నానబెట్టినా దండగే. గోరు చుట్టూ చర్మానికి వాజిలిన్ రాయండి. గోరంతే ఉన్న దూది ముక్కని ప్యూర్ అసిటోన్‌లో తడిపి గోరుమీద పెట్టి, ఫాయిల్ బిగించి 10-15 నిమిషాలు ఉంచండి. ‘అసిటోన్ ఫ్రీ’ రిమూవర్లు దీనికి పనికిరావు.

జవాబు 2: ఫాయిల్ తీశాక పాలిష్ ఎండుటాకులా ముడతపడి లేస్తుంది. ఆరెంజ్ స్టిక్‌తో (గోళ్లకి వాడే సన్నని చెక్క పుల్ల) మెల్లగా నెట్టండి. లేవని చోట గీకొద్దు, ఇంకో 5 నిమిషాలు చుట్టండి. పీకితే గోరు పైపొర కూడా ఊడొస్తుంది, తర్వాత కనిపించే తెల్ల గరుకు మచ్చలు అవే. గోరు మొత్తం కొత్తగా రావాలంటే దాదాపు 6 నెలలు. చివర్లో చేతులు కడిగి కొబ్బరినూనె పట్టించండి.

ప్రశ్న: గోరు పొడవు పెంచడానికి అతికించే ఎక్స్‌టెన్షన్‌కీ ఇంతేనా?

జవాబు 1: హార్డ్ జెల్ (ఎక్స్‌టెన్షన్‌కి వాడే గట్టి రకం జెల్) అయితే అసిటోన్‌లో కరగదు, ఫైల్ చేసే తీయాలి. అది పార్లర్‌కే వదిలేయండి.

జవాబు 3: స్టవ్, దీపం, అగరొత్తులు దగ్గర్లో ఉండకూడదు, అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కిటికీ తెరవండి. అసిటోన్ పోసుకునే గిన్నె గాజుదే వాడండి, కొన్ని ప్లాస్టిక్‌లు కరిగిపోతాయి.