సింగిల్ సైన్-ఆన్ ప్లగిన్ గుర్తింపు అడగకుండానే లోపలికి వదులుతోంది: అప్‌డేట్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

నమస్కారం. తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాల వెబ్‌సైటు నిర్వహణ నేను చూస్తున్నాను. వర్డ్‌ప్రెస్‌తో నడిచే ఆ సైటులోకి విద్యార్థులు, అధ్యాపకులు కళాశాల ఈమెయిలుతోనే, ఒక సింగిల్ సైన్-ఆన్ ప్లగిన్ (సైటుకు వేరే పాస్‌వర్డు లేకుండా ఒకే లాగిన్‌తో ప్రవేశం కల్పించే అదనపు సాఫ్ట్‌వేర్) ద్వారా ప్రవేశిస్తారు. ఇటీవల అర్ధరాత్రి దాటాక అడ్మిన్ ఖాతా లాగిన్ అయినట్టు సైటు లాగ్‌లో కనిపించింది గానీ, అదే సమయానికి ఈమెయిలు సేవ లాగ్‌లో ఆ ఖాతా పేరిట ఏ నమోదూ లేదు, అంటే గుర్తింపు తనిఖీ జరగకుండానే ప్లగిన్ లోపలికి వదిలినట్టుంది. తయారీదారులు విడుదల చేసిన భద్రతా సవరణను వెంటనే వేశాను. ప్రవేశాల కోసం విద్యార్థులు పంపిన మార్కుల జాబితాలు, ఆధార్ ప్రతులు ఆ సైటులోనే ఉన్నందున, ఇంకా ఏమేం చేయాలో దయచేసి తెలియజేయండి.

జవాబు (చిత్తూరు నుంచి)

రెండు లాగ్‌లనూ పోల్చి చూడటం చాలా మంచి పని, ఈ రకమైన లోపం బయటపడేది సాధారణంగా అక్కడే. అయితే కొత్త వెర్షన్ ఇకపై వచ్చేవారిని ఆపుతుందే తప్ప, ఇప్పటికే లోపలికి వచ్చినవారిని బయటికి పంపదు. వర్డ్‌ప్రెస్ లాగిన్ కుకీ (లాగిన్ అయ్యారని బ్రౌజరులో ఉండే గుర్తు) మామూలుగా 2 రోజులు, ‘గుర్తుంచుకో’ అని టిక్ పెడితే 14 రోజులు చెల్లుతుంది. కాబట్టి కాన్ఫిగ్ ఫైలులోని రహస్య కీలను, సాల్ట్‌లను (కుకీలను సరిచూసేందుకు సైటు వాడే రహస్య అక్షరాల వరుసలను) మార్చండి, అప్పుడు పాత కుకీలన్నీ ఒకేసారి చెల్లకుండా పోతాయి. ఆ తర్వాత చాలామంది చూడకుండా వదిలేసేది అప్లికేషన్ పాస్‌వర్డులు, అంటే బయటి యాప్‌లు ఖాతాను వాడుకునేందుకు ఇచ్చే విడి పాస్‌వర్డులు. వర్డ్‌ప్రెస్ 5.6 వెర్షన్ నుంచి ఉన్న ఈ సౌకర్యంతో ఎవరైనా ఒక పాస్‌వర్డు సృష్టించుకుని ఉంటే, సాల్ట్‌లు మార్చినా, అసలు పాస్‌వర్డు మార్చినా అది పనిచేస్తూనే ఉంటుంది. ప్రతి అడ్మిన్ ఖాతా ప్రొఫైల్ తెరిచి చూడండి. మామూలు ప్లగిన్లతో కలిసి కనిపించని ‘ఎంయూ-ప్లగిన్స్’ ఫోల్డరును (అందులోని ప్లగిన్లు వాటంతటవే నడుస్తాయి) కూడా వదలకండి.

జవాబు (తిరుపతి నుంచి)

పై సూచనలతో ఏకీభవిస్తున్నాను. సవరణ నిజంగా పనిచేస్తోందో లేదో మీరే పరీక్షించుకోవాలని నా మనవి. మీ ప్లగిన్ ఎస్‌ఏఎంఎల్ (లాగిన్ అయినవారు ఎవరో ఒక సేవ మరో సైటుకు ధ్రువీకరించే ప్రమాణం) పద్ధతిలో నడుస్తుంటే, గుర్తింపు సేవ (లాగిన్‌ను సరిచూసే సేవ) పంపే ఎక్స్‌ఎంఎల్ పత్రంలో ఒక భాగానికి డిజిటల్ సంతకం ఉంటుంది. ప్లగిన్ సంతకాన్ని ఒకచోట సరిచూసి, ఈమెయిలును మరోచోటి నుంచి చదివితే, దాడి చేసేవారు సంతకం ఉన్న భాగాన్ని ముట్టుకోకుండానే పక్కన తమ సొంత భాగాన్ని చేర్చి అడ్మిన్‌గా చలామణి కాగలరు. 2024లో రూబీ-ఎస్‌ఏఎంఎల్ లైబ్రరీలో (ఎస్‌ఏఎంఎల్ కోసం వాడే సిద్ధంగా ఉన్న కోడ్‌లో) బయటపడిన లోపం కూడా సంతకాన్ని సరిగా తనిఖీ చేయకపోవడమే. గుర్తింపు సేవ సంతకం చేసిన ఏదో ఒక పత్రం చేతిలో ఉంటే చాలు, ఎవరి పేరుతోనైనా ప్రవేశించే వీలుండేది. సైటు నకలు ఒకటి పెట్టుకుని, సంతకం తీసేసిన పత్రాన్ని, ఈమెయిలు మార్చిన పత్రాన్ని, మరో సైటు కోసం జారీ అయిన పత్రాన్ని, ఒకసారి వాడేసిన పాత పత్రాన్ని పంపి చూడండి. నాలుగింటినీ ప్లగిన్ తిరస్కరించాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడ్మిన్ ప్రొఫైల్‌లో మాకు తెలియని అప్లికేషన్ పాస్‌వర్డు ఒకటి కనిపించింది. దాన్ని ఇప్పుడే తొలగించవచ్చా?

జవాబు (చిత్తూరు నుంచి)

దాన్ని సృష్టించిన తేదీ, చివరిగా వాడిన తేదీ, ఐపీ చిరునామా అక్కడే కనిపిస్తాయి. ముందు వాటిని, సర్వర్ లాగ్‌లను వేరేచోట భద్రపరచి, వెంటనే తొలగించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటి పరిధిలోకి వచ్చే సంస్థలు ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. ప్రిన్సిపాల్ గారికి ఈరోజే రాతపూర్వకంగా తెలియజేసి, ఆధార్ ప్రతులున్న ఫోల్డరును ఎవరెవరు తెరిచారో ఆ ఐపీ చిరునామా ఆధారంగా లాగ్‌లో వెతకండి.