పిటిషన్‌లో ‘షోవెత్’ స్పెల్లింగ్ ఏది? ఓ పెట్టాలా, ఈ పెట్టాలా?

జూనియర్_హైదరాబాద్: సుప్రీంకోర్టుకి ఎస్‌ఎల్‌పీ (స్పెషల్ లీవ్ పిటిషన్, అప్పీలుకి అనుమతి కోరే అర్జీ) టైప్ చేస్తున్నా. ‘ద హంబుల్ పిటిషన్ ఆఫ్ ద పిటిషనర్ అబవ్ నేమ్డ్, మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ’ దాకా వచ్చి, తర్వాతి మాట ‘షోవెత్’ (‘చూపుతుంది’ అనే పాత ఇంగ్లీషు) దగ్గర ఆగిపోయా. ఒక పాత ఫైల్లో ఎస్‌హెచ్ తర్వాత ఈ ఉంది, ఇంకోదాంట్లో ఓ ఉంది. సీనియర్‌ని అడిగితే ఇది కూడా తెలీదా అన్నారు.

బెజవాడ_ప్లీడర్: రెండూ నడుస్తాయి. రిజిస్ట్రీ వాళ్లు, అంటే కోర్టులో ఫైళ్లు తీసుకునే ఆఫీసు వాళ్లు, చూసేది పక్క మార్జిన్ 4 సెంటీమీటర్లు ఉందా, ఫాంట్ సైజు 14 ఉందా అని. ఈ మాట మీద డిఫెక్ట్ (తప్పుందన్న అభ్యంతరం) వేయగా నేనెప్పుడూ చూళ్లేదు.

గ్రామర్_మాస్టారు: నడుస్తాయి అంటే కరెక్టు అని కాదు బాబూ. ఈ తో రాసేది ‘షో’ అనే క్రియకి పాత స్పెల్లింగ్, అంతే. పలకడం మాత్రం షో అనే, సూదితో కుట్టడాన్ని ఎస్‌-ఈ-డబ్ల్యూ అని రాసి సో అని చదవట్లేదూ, అలాగ. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ నిండా ఇదే ఉంటుంది, బెర్నార్డ్ షా అయితే 20వ శతాబ్దంలో కూడా మొండిగా ఇలాగే రాసేవాడు. ఇక చివర ‘ఎత్’ ఉందే, అది ఇప్పుడు మనం పెట్టే ఎస్. కర్త ఏకవచనం అయితేనే వస్తుంది. ముగ్గురు పిటిషనర్లుండగా ‘పిటిషనర్స్ షోవెత్’ అని రాసేవాళ్లని ఏమనాలి?

బెజవాడ_ప్లీడర్: మాస్టారూ, పైలైన్ చదవండి. అక్కడ కర్త పిటిషనర్ కాదు, పిటిషన్. ముగ్గురున్నా ముప్ఫై మందున్నా పిటిషన్ ఒకటే.

గ్రామర్_మాస్టారు: ఆ లైనుంటే సరే, నేను కాదన్నానా? అది ఎగ్గొట్టి నేరుగా పిటిషనర్స్‌తో మొదలుపెట్టేవాళ్ల సంగతి చెప్పండి.

కీర్తన_19: సండే స్కూల్లో బైబిల్ 19వ కీర్తన ‘ఫర్మమెంట్ షెవెత్ హిజ్ హ్యాండీవర్క్’ అని బట్టీ పట్టాం. మా పాస్టర్ గారు కూడా షెవెత్ అనే అనేవారు.

గ్రామర్_మాస్టారు: పాస్టర్ గారన్నా తప్పు తప్పే.

టైంపాస్: ఇంతకీ ఓ నా, ఈ నా 😀

కరీంనగర్_వకీల్: నేను తెలుగు మీడియం. కొత్తల చాంబర్ల గట్టిగ చదువుమంటే షివెత్ అని చదివిన. అందరి ముంగట నవ్విండ్రు, ఆ రోజుకెల్లి ఫైలింగ్ కౌంటర్ కాడ నిలవడుడే నా పని, డ్రాఫ్టింగ్ జోలికి రానియ్యలె. లా అయితే వాళ్లకంటే నాకే మంచిగొస్తది. మీరేమో ఈడ ఎత్, ఎస్ అనుకుంట కూసున్నరు.

బెజవాడ_ప్లీడర్: అది మీ సీనియర్ బుద్ధి తక్కువ, ఆ మాటేం చేసింది? కోర్టు ముందుకెళ్లేటప్పుడు ఒక పద్ధతి ఉంటుంది, గౌరవం ఉంటుంది.

కరీంనగర్_వకీల్: ఎవలకు గౌరవం అన్నా? జడ్జిని మై లార్డ్ అనుడు అక్కర్లేదని బార్ కౌన్సిల్ 2006లనే చెప్పింది, వకీళ్లే ఇడుస్తలేరు. ఈ షోవెత్ ఎప్పటిదో ఇంగ్లండ్ల పార్లమెంటుకు అర్జీ పెట్టుకునే తీరు, ఆఖర్ల ‘యాజ్ ఇన్ డ్యూటీ బౌండ్ షల్ ఎవర్ ప్రే’ తోని సహా మనం ఎత్తుకొచ్చుకున్నం. మా అవ్వ భూమి కేసుల అఫిడవిట్ మీద ఏలిముద్ర ఏసింది. తెలుగుల చదివి వినిపించినం అని కింద రాసున్నది. ఎవ్వలూ వినిపియ్యలె. అండ్ల ఏమున్నదో ఆమెకు ఇప్పటికీ తెల్వది.

బెజవాడ_ప్లీడర్: రాజ్యాంగం 348వ అధికరణం చదివారా తమరు? హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ ఇంగ్లీషే.

కరీంనగర్_వకీల్: తెలంగాణ హైకోర్టే 2023ల తెలుగుల తీర్పిచ్చింది. ఇంగ్లీషుల రాయి, వద్దంటలేను. మా అవ్వకు చెప్పేటట్టు రాయి. షోవెత్ బదులు ‘స్టేట్స్’ (చెప్తుంది) అని రాస్తే ఏ జడ్జి కొట్టేస్తడు?

బెజవాడ_ప్లీడర్: ఎవరూ కొట్టేయరు. కానీ ఉన్నమాట చెప్తున్నా వినండి, క్లయింటుకి చదవగానే అర్థమైతే ఈ నాలుగు ముక్కలకా ఇంత ఫీజు అంటాడు. ఇరవై ఏళ్లు కిందా మీదా పడి నేర్చుకున్నాం, ఊరికే రాలేదు.

కరీంనగర్_వకీల్: గీ ముచ్చట ముందుగాలే చెప్తే అయిపోవు గదనే. గౌరవం, పద్ధతి అని ఇంతసేపు ఎందుకు తిప్పినవ్?

గ్రామర్_మాస్టారు: బహువచనం గురించి అడిగినదానికి ఒక్కరూ జవాబివ్వలేదని గమనించగలరు.

జూనియర్_హైదరాబాద్: ఓ పెట్టి ప్రింట్ తీసిచ్చా. సీనియర్ గారు కొట్టేసి ఈ పెట్టారు. ఎందుకని అడగలేదు, ఫైలింగ్‌కి టైమవుతోంది.