లెక్క చేసే ముందు ఉజ్జాయింపు వేయించాలా, వద్దా?

కూకట్‌పల్లి అమ్మ
మా పాప ఏడో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో ఒక లెక్క వచ్చింది: 200 చదరపు గజాల స్థలం ఎన్ని చదరపు అడుగులు? గజానికి మూడడుగులు కదా అని ముందు 600 వేసింది. తర్వాత తనే అది కొట్టేసి పక్కన చిన్న అక్షరాలతో రాసుకుంది: "మా ఫ్లాటే 1,100. 200 గజాల్లో సొంతిల్లు కడతారు. 600 అయ్యే పనే లేదు." అప్పుడు గుర్తొచ్చిందట, చదరం కాబట్టి మూడు మూళ్లు తొమ్మిది అని. 1,800 తెచ్చింది. పేపరు ఇచ్చినప్పుడు చూస్తే ఆ మాటల మీద ఎర్ర ఇంకు గీత, "కాకి లెక్కలు రాయొద్దు" అని ఒక మార్కు కోత. మార్కు పోతే పోనీ. పిల్లని తప్పు నుంచి బయటపడేసిన వాక్యాన్నే కొట్టేశారే అని నాకు రెండు రోజులుగా మనసు మనసులో లేదు. కొలతలు మార్చే లెక్కల్లో ముందు అంచనా వేయడం అలవాటు చేయాలా, అక్కర్లేదా? మీరంతా ఏమంటారు?

దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్ మాస్టారు
మేడం, మీ పాప తెలివైంది, కాదనను. కానీ నా దగ్గరకొచ్చే పిల్లల్లో ఎక్కువమంది అంచనా దగ్గరే ఆగిపోతారు. గంటకు 72 కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చమంటే, "నాలుగో వంతు, సుమారు 18" అని రాసి పెన్ను మూసేస్తాడు. 5/18తో గుణిస్తే సరిగ్గా 20. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అక్కడ ఉజ్జాయింపుతో రెండు ఆప్షన్లు ఎగరగొట్టొచ్చు, నేనే నేర్పుతాను. కానీ 18, 20 రెండూ ఆప్షన్లలో ఉంటే? ముందు పద్ధతి చేతికి రావాలి.

శంషాబాద్ మెకానిక్
మాస్టారూ, 5/18 బదులు 18/5 వేసే పిల్లల సంగతేంటి? ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద గంటకు 120 కిలోమీటర్ల కారు వాళ్ల లెక్కలో సెకనుకు 432 మీటర్లు పోతుంది. గాలిలో శబ్దమే సుమారు 340. ఒక్కసారి ఆగి చూసుకుంటే వాళ్లకే తెలిసిపోతుంది.

నా పని విమానాల దగ్గర. 1983 జులైలో కెనడాలో జరిగింది మాకు పాఠంలా చెప్తారు. ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం మీటర్లు పనిచేయలేదు. ట్యాంకులో కొలకర్ర పెట్టి లీటర్లు చూసి, వాటిని కిలోల్లోకి మార్చుకున్నారు. కావలసింది 22,300 కిలోలు. లీటరుకు 1.77 అని గుణించారు. అది పౌండ్ల లెక్క. కిలోల్లో అయితే సుమారు 0.8. అంటే సగానికి తక్కువ ఇంధనంతో లేచారు. దారి మధ్యలో, గాలిలోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు గ్లైడర్‌లా తెచ్చి గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దించారు, 69 మందీ బతికారు.

ఇప్పుడు చెప్పండి, లీటరు నీళ్లు కిలో. విమానాల ఇంధనం కిరోసిన్ జాతిది, నీళ్ల మీద తేలుతుంది. అలాంటిది లీటరు 1.77 కిలోలు ఎలా తూగుతుంది? ఈ ప్రశ్న అడగడానికి కాగితం కూడా అక్కర్లేదు.

దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్ మాస్టారు
మీరు చెప్పింది నా వైపే వస్తుంది. 1.77 పక్కన "లీటరుకు పౌండ్లు" అని రాసి ఉంటే జవాబు కిలోల్లో రాదని అక్కడే తేలేది. ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయించండి, పైనా కిందా ఒకే ప్రమాణం ఉంటే ఆ కొట్టివేతలు చూపించమనండి. నేను పట్టుబట్టేది దానికే.

సర్వే గొలుసు, ఘట్‌కేసర్
మాస్టారు చెప్పిందే కరెక్ట్. మా దగ్గర గుంటకు 121 గజాలు, ఎకరాకు 40 గుంటలు, దీంట్ల అందాజ నడ్వదు. 200 గజాలంటే 167.2 చదరపు మీటర్లు. ఎవరన్న 180 అని రాస్తే అంచనాకు తప్పనిపిస్తదా? అనిపియ్యది, 200 కన్న తక్కువనే ఉన్నది గద. కానీ 180 మీటర్లంటే 215 గజాలు. ఆ 15 గజాల కాడ అన్నదమ్ములు కోర్టుకు పోతరు. నేను కండ్లార చూసిన.

నైట్ డ్యూటీ నర్సు
సర్వే అన్న చెప్పిన చిన్న తేడాలు అంచనాకి దొరకవు, ఒప్పుకుంటాను. మాస్టారు చెప్పిన ప్రమాణాలకి దొరకనిది ఒకటుంది, దశాంశం చుక్క. 12 కిలోల బాబుకి జ్వరం. డాక్టరుగారు కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ రాశారు, అంటే 180. సిరప్ 5 మిల్లీలీటర్లకి 120. మోతాదు 7.5 మిల్లీలీటర్లు. చుక్క జారితే 75. ప్రమాణం చూస్తే మిల్లీలీటర్లే, కొట్టివేతలన్నీ సరిగ్గానే ఉంటాయి. నేను సీసా ఎత్తే ముందే అనుకుంటాను: "ఐదులో 120, పదిలో 240, కాబట్టి ఐదుకీ పదికీ మధ్య." ఆ తర్వాతే లెక్క. 60 మిల్లీలీటర్ల సీసాలోంచి 75 ఎలా తీస్తాను? అంచనా వేశాక లెక్క మానేయమని మాకెవరూ చెప్పలేదు, మాస్టారూ. రెండూ చేస్తాం.

కూకట్‌పల్లి అమ్మ
అందరికీ ధన్యవాదాలు. మాస్టారి మాట విని ప్రమాణాలు రాయించడం ఈ రోజే మొదలుపెట్టాం. అంచనా మాత్రం మాన్పించను. మార్జిన్‌లో రాసుకోనివ్వమని టీచరుగారిని అడుగుతాను.

పొద్దున 5,000 లీటర్ల ట్యాంకర్ వచ్చింది. మా సంపు ఆరడుగులు పొడవు, ఐదు వెడల్పు, నాలుగు లోతు. పాపని అడిగాను, మొత్తం పడుతుందా అని. "120 ఘనపు అడుగులు. అడుగుకి 28 చిల్లర లీటర్లు, 30 అనుకున్నా 3,600 దాటదు. పొర్లిపోద్దమ్మా" అంది. డ్రైవరు పైపు విప్పేలోపే పక్క పోర్షన్ వాళ్ల డ్రమ్ములు తెచ్చి వరసగా పెట్టించింది. నీళ్లు దిగుతుండగా మెట్ల మీద కూర్చుని 28.3తో గుణించి, నోట్సులో 3,396 లీటర్లు అని రాసుకుంది, ప్రమాణంతో సహా.