మాడ్రిడ్ మొజాయిక్‌లో వల కింద చిక్కినవాడు సెక్యూటరా, ముర్మిల్లోనా?

పాతరాయి

మాడ్రిడ్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో రోమన్ గ్లాడియేటర్ల (జనం ముందు పోరాడే యోధుల) పోరును చూపే క్రీ.శ. మూడో శతాబ్దపు మొజాయిక్, అంటే రాతిముక్కలు పేర్చిన చిత్రం, ఒకటి ఉంది. రెండు వరుసల ఆ చిత్రాన్ని కింది నుంచి పైకి చూడాలి. కింది వరుసలో కలెండియో అనే రెటియారియస్ (వల, త్రిశూలంతో పోరాడే గ్లాడియేటర్) విసిరిన వల, అస్ట్యానాక్స్ అనే యోధుణ్ణి నిలువునా కప్పేసింది. పై వరుసకు వచ్చేసరికి కథ తిరగబడింది. కలెండియో నేల మీద పడి, బాకు పైకెత్తి ఓటమిని ఒప్పుకుంటున్నాడు. అస్ట్యానాక్స్ గెలిచాడని అక్షరాలలో ఉంది; కలెండియో పేరు పక్కన, మరణానికి గుర్తుగా, అడ్డంగా కొట్టేసిన సున్నా ఉంది. కలెండియో ఏ తరగతి గ్లాడియేటరో వల, త్రిశూలమే చెబుతున్నాయి. మరి అస్ట్యానాక్స్‌ను ఏమనాలి? పెద్ద డాలు, పొట్టి కత్తితో పోరాడే తరగతులు రెండున్నాయి: సెక్యూటర్, ముర్మిల్లో. అతణ్ణి ఒకచోట సెక్యూటర్ అనీ, మరొకచోట ముర్మిల్లో అనీ చదివాను.

గోదారిగట్టు

సందేహానికి తావు లేదు, అతడు ముర్మిల్లో. ముర్మిల్లోతో తలపడే రెటియారియస్ తనకు కావలసింది ఎదుటి మనిషి కాదనీ చేప మాత్రమేననీ పాడేవాడని ఫెస్టస్ రాశాడు. ముర్మిల్లో శిరస్త్రాణం మీద చేప బొమ్మ ఉండేదని కూడా ఆయనే చెప్పాడు. రోమన్ రచయితే ఈ జోడీని పేరు పెట్టి చెప్పిన తరువాత మనం వేరే పేరు వెతుక్కోవడం ఎందుకు?

రంగులపెట్టె

ఫెస్టస్‌ను కాసేపు పక్కన పెట్టి అస్ట్యానాక్స్ తలను చూడండి. పెద్ద వంపు డాలు, పొట్టి కత్తి, కుడి చేతికి తొడుగు, ఎడమ కాలికి పొట్టి కవచం ముర్మిల్లోకీ సెక్యూటర్‌కీ సమానమే కాబట్టి వాటితో ఏదీ తేలదు. తేడా అంతా శిరస్త్రాణంలోనే ఉంది. ముర్మిల్లో శిరస్త్రాణానికి వెడల్పైన అంచు, ముఖం మీద జాలీ, నెత్తిన ఎత్తైన కోణాకారపు శిఖ ఉంటాయి. వల తగులుకోవడానికి ఇంతకన్నా అనువైన ఆకారం దొరకదు. సెక్యూటర్ శిరస్త్రాణం అంచు లేకుండా నున్నగా ఉండి, కళ్ల దగ్గర రెండు చిన్న రంధ్రాలు తప్ప త్రిశూలపు మొన దూరే సందు ఇవ్వదు. శిఖ కూడా వల జారిపోయేలా గుండ్రంగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. అస్ట్యానాక్స్ తల మీద ఉన్నది ఈ రెండోదే.

సందేహి

వలలో చిక్కినవాడు ఎలా గెలిచాడో ఎవరైనా చెబుతారా?

గోదారిగట్టు

సందేహి గారూ, అది మరో చర్చ. రంగులపెట్టె గారూ, చిన్న చిన్న రాతిముక్కలు పేర్చి చేసిన బొమ్మలో, అందునా వల గీతల కింద, అంచు లేదని మీరు అంత గట్టిగా ఎలా అంటున్నారు? కంటి రంధ్రమంటే అక్కడ ఒకటో రెండో నల్లరాళ్లు. నేల నుంచి పెకలించి తెచ్చిన మొజాయిక్‌లలో ఊడిపోయిన చోట కొత్త రాళ్లు పొదగడం మామూలే కదా. రాయి మారవచ్చు గానీ ఫెస్టస్ వాక్యం మారదు.

మూడోమెట్టు

రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ వాక్యం కూడా మారదు. కాలిగులా చక్రవర్తి చూస్తుండగా ఐదుగురు రెటియారియస్‌లు అంతే మంది సెక్యూటర్‌ల చేతిలో పోరాటమే లేకుండా లొంగిపోయారని ఆయన రాశాడు.

రంగులపెట్టె

మూడోమెట్టు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఫెస్టస్ రెండో శతాబ్దపు మనిషే అయినా, ఆయన సంక్షిప్తం చేసింది అగస్టస్ కాలపు వెరియస్ ఫ్లాకస్ గ్రంథాన్ని. కాలిగులా పాలించింది క్రీ.శ. 37 నుంచి 41 వరకు. మొదట్లో రెటియారియస్‌కు ముర్మిల్లో ఎదురు నిలిచి ఉంటాడనీ, ఆ ముర్మిల్లో శిరస్త్రాణాన్నే వలకు తగినట్లు నున్నగా మార్చుకుని సెక్యూటర్ పుట్టి ఉంటాడనీ అనుకుంటే రెండు వాక్యాలూ నిలబడతాయి. అది నా ఊహే గానీ, మనం మాట్లాడుతున్న మొజాయిక్ కాలిగులాకు సుమారు 200 ఏళ్ల తరువాతిదన్నది ఊహ కాదు. ఆ నాటికి ఫెస్టస్ పాట పాత ముచ్చట.

గోదారిగట్టు

పాత ముచ్చటా! కొన్నేళ్ల క్రితం ఒక అంతర కళాశాల క్విజ్‌లో ఇదే బొమ్మ చూపించారు. మేము ముర్మిల్లో అని రాసి, ఫెస్టస్ పేరు కూడా చెప్పాము. ప్రశ్న తయారుచేసిన పెద్దమనిషి ఆ పేరే విననట్లు ముఖం పెట్టి, కాగితం మీద సెక్యూటర్ అని ఉందని చెప్పి మాకు సున్నా వేశాడు. మొదటి స్థానం పోయింది. మూల గ్రంథం చదివినవాడికి విలువ లేనప్పుడు బొమ్మల పరిశీలన ఎందుకో నాకు అర్థం కాదు.

రంగులపెట్టె

మీ మార్కులు అస్ట్యానాక్స్ ఇవ్వలేడు. నేను బొమ్మలు గీసి బతికేవాణ్ణి. ఒక పిల్లల పత్రికకు రెటియారియస్, సెక్యూటర్ జోడీని గీసి ఇస్తే, గ్లాడియేటర్ అంటే పాఠకులకు ఈకలు కనిపించాలని సంపాదకుడు నా నున్నటి శిరస్త్రాణానికి ఎర్రటి కుచ్చు అతికించి అచ్చువేశాడు. మీలాగే ఆయనకూ పుస్తకంలో ఎక్కడో చదివిన బలం ఉంది. రాళ్లను నమ్మవద్దని మీరంటే, నా వంటివాళ్లు దేన్ని చూసి గీయాలి?

నాలుగోవరుస

ఇద్దరూ శాంతించండి. రెటియారియస్ చేతి తొడుగు మాత్రం మిగతావాళ్లకు భిన్నంగా ఎడమ చేతికి ఉంటుంది, భుజం మీద రేకు కవచం కూడా అటే. ఎవరైనా బొమ్మను తిరగేసి అచ్చువేస్తే ముందు పట్టుబడేది అక్కడే.

గోదారిగట్టు

నాలుగోవరుస గారూ, నేను కోపంలో లేను. రంగులపెట్టె గారు నా మాటను వంకరగా పట్టుకున్నారు కనుక తిన్నగా చెబుతాను. తరగతి అంటే తల మీద పెట్టుకున్నది కాదు, ఆ మనిషి ఏ వృత్తిలో శిక్షణ పొంది ఏ పేరుతో నమోదయ్యాడన్నది. ఇటలీలోని వెనూసియాలో దొరికిన సాల్వియస్ కాపిటో గ్లాడియేటర్ బృందపు శాసనం యోధులను తరగతుల వారీగా పేర్కొంటుంది. అటువంటి రాత లేనప్పుడు, బొమ్మలోని వేషం చూసి ఒక మనిషి వృత్తిని నిర్ణయించడానికి నేను ఒప్పుకోను. రాత ఆధారం కావాలన్నదే మొదటి నుంచి నా పట్టుదల.

రంగులపెట్టె

ఇంతసేపటికి అసలు తగాదా బయటపడింది. నా లెక్కలో సామగ్రే తరగతి, దానికి అవతల వేరే తరగతి లేదు. మీరన్న ఆ శాసనంలోనే సిస్సర్ అనే తరగతివాడు ఒకడున్నాడు. పేరు రాతలో ఉంది గానీ, వాడి చేతిలో ఏముండేదో ఆ రాత చెప్పదు. అర్ధచంద్రపు కత్తి బిగించిన గొట్టం చేతికి తొడుక్కున్న శిల్పాలను చూపించి, ఇతడే అతడు కావచ్చని నేటివాళ్లు అంటున్నారు. రాత ఒక్కటే చాలని మీరంటే సిస్సర్ ఎప్పటికీ పేరుగానే మిగిలిపోతాడు. ఈ మొజాయిక్ చేసినవాడు పేర్లు రాశాడు, గెలుపు రాశాడు, చావు కూడా రాశాడు. తరగతి మాత్రం రాయలేదు. చూసేవాడికి శిరస్త్రాణం చూడగానే తెలుస్తుందనుకున్నాడు కాబట్టే రాయలేదు.

గోదారిగట్టు

లేదా తరగతి అతనికి ముఖ్యం కాలేదు. అది కూడా అంతే సంభవం.

పాతరాయి

1834లో టొర్రెనోవాలో బయటపడి ఇప్పుడు రోమ్‌లోని బోర్గీస్ గ్యాలరీలో ఉన్న పెద్ద మొజాయిక్‌లోనూ పేర్లు, మరణ చిహ్నాలు ఉన్నాయి. అక్కడ కూడా తలలే చూడాలా?

రంగులపెట్టె

తలలే చూడాలి. అది నాలుగో శతాబ్దపుది. నున్నటి శిరస్త్రాణాలు అందులో కావలసినన్ని.

గోదారిగట్టు

వాటిని ఒక్కొక్కటిగా చూసి రాస్తాను. అంతవరకు అస్ట్యానాక్స్ విషయంలో నా జవాబు ముర్మిల్లోనే.