ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్లు వద్దని పిటిషన్ తిరుగుతోంది, సంతకం పెట్టాలా?

ఎల్డొరాడో అమ్మ:
అందరికీ నమస్కారం. మేము 2009లో టెక్సస్‌లో, డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. అప్పుడు మా వీధి చివర ఆవులు మేసే బీడు ఉండేది. సాయంత్రాలు చిన్నదాన్ని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి ఆవుల్ని చూపించి తెచ్చేదాన్ని. 2000లో 33 వేల జనాభా ఉన్న ఊరు 2020 లెక్కలకి రెండు లక్షలు దాటింది. ఆ లెక్కలో మేమూ ఉన్నాం.

ఇప్పుడు ప్రెస్టన్ రోడ్ పక్కన మిగిలిన ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతారట. వద్దని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పిటిషన్ పెట్టారు. ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూళ్లలో చోటుండదు అని రాశారు. ఇంకా సంతకం పెట్టనివాళ్లం నాతో కలిపి నలుగురం.

నన్ను ఆపుతున్నది ఆ స్కూళ్ల మాట. మేము వచ్చిన కొత్తల్లో హాలోవీన్ రోజు మూడు పెద్ద ప్యాకెట్ల చాక్లెట్లు ఎనిమిదింటికల్లా అయిపోయేవి. పోయినసారి మా గుమ్మంలోకి వచ్చింది తొమ్మిదిమంది పిల్లలు. పిల్లలు తగ్గి 2025లో మన స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక మిడిల్ స్కూలే మూసేశారు. అలాగని అపార్ట్‌మెంట్లు రానివ్వండని చెప్పే ధైర్యమూ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఊరు ఎలా ఉంటుందోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లేనో పాతకాపు:
అమ్మా, ఇరవై ఏళ్ల తర్వాతి ఫ్రిస్కోని చూడాలంటే దక్షిణానికి, పక్కనే ఉన్న మా ప్లేనోకి రండి. నేనిక్కడ 1996 నుంచి ఉంటున్నాను. 1970లో 18 వేలమంది కూడా లేని ఊరు 2000కల్లా 2,22,000 అయింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో పెరిగింది 63 వేలే. 2024 జూన్‌లో ఇక్కడి స్కూల్ బోర్డు నాలుగు స్కూళ్లు మూయాలని ఓటేసింది, రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్లు.

మా నాన్నగారికి నూజివీడు దగ్గర మామిడితోట ఉండేది. తాతగారు చెట్లన్నీ ఒకే ఏడు నాటించారు. ఏళ్ల తరబడి విరగకాసి, తర్వాత అన్నీ ఒక్కసారే కాపు తగ్గాయి. పక్క తోట ఆయన ఏటా ముసలి చెట్లు కొన్ని తీసి కొత్త మొక్కలు పెట్టేవాడు. మంచి ఏళ్లలో మాకంటే తక్కువే వచ్చేది, కానీ ఏ ఏడూ ఆయన చెయ్యి ఖాళీ కాలేదు.

మా వీధి మా నాన్న తోటే. ఇళ్లన్నీ రెండు మూడేళ్లలో కట్టేశారు. ముప్ఫైల్లో ఉన్న జంటలే కొన్నారు, అందరం కలిసే ముసలివాళ్లమయ్యాం. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేక మా ఆవిడ కింద హాల్లో పడుకుంటోంది. చిన్న ఇంటికి మారదామంటే, గుడికీ స్నేహితులకీ దగ్గర్లో అలాంటిది దొరకడం లేదు. మేం కదలకపోతే చిన్నపిల్లలున్నవాళ్లకి ఇల్లెక్కడిది?

నీళ్ల ఇంజినీర్:
పెద్దాయన చెప్పింది నిజం. కానీ ట్రాఫిక్ భయాన్ని కొట్టిపారేయకండి. ఇక్కడ సేల్స్ టాక్స్‌లో లోకల్ వాటా డాలరుకి 2 సెంట్లు దాటకూడదు. ప్లేనో ఒక సెంటు డాలస్ ప్రాంతంలో బస్సులు, రైళ్లు నడిపే డార్ట్‌కి ఇస్తుంది, అందుకే 2002 నుంచి అక్కడ రైలుంది. ఫ్రిస్కో ఆ సెంటుని అభివృద్ధి కార్పొరేషన్లకి పెట్టింది. ఆఫీసులొచ్చాయి, రైలు రాలేదు. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు కార్లతోనే వస్తారు.

నీళ్లకి మాత్రం అపార్ట్‌మెంట్లని తప్పుపట్టలేం. వేసవిలో లాన్ తడిపే ఒక ఇల్లు ఒక అపార్ట్‌మెంట్ కుటుంబం కంటే చాలా ఎక్కువ వాడుతుంది. 2023లో నీళ్లివ్వడం మొదలుపెట్టిన బోడార్క్ లేక్ టెక్సస్‌లో దాదాపు ముప్ఫై ఏళ్లలో వచ్చిన మొదటి పెద్ద రిజర్వాయరు. మన ఊళ్లకి ఇంకొకటి త్వరగా వస్తుందని నేను అనుకోవడం లేదు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలైన రాష్ట్ర చట్టం ప్రకారం మనలాంటి పెద్ద ఊళ్లలో చాలా కమర్షియల్ స్థలాల్లో రీజోనింగ్ (స్థలం వాడకం మార్చే సిటీ అనుమతి) అడగకుండానే అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చు. వద్దని రాసే కంటే, ఏం కడుతున్నారో అడగడం మేలు.

ప్రిన్స్టన్ చెల్లి:
అక్కా, నేను ఫ్రిస్కోలో డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తాను. మీ పిల్లల పళ్లు శుభ్రం చేసేది నాలాంటివాళ్లమే. అక్కడ మాకు అందే అద్దెలు లేక తూర్పున ఉన్న ఈ ప్రిన్స్టన్ ఊరిదాకా ఇంత దూరం వచ్చాం. రోజూ 380 హైవే మీద పోను గంట, రాను గంటంపావు. ఇక్కడేమో ఇళ్లు ముందొచ్చేశాయి, రోడ్లు, నీళ్లు, పోలీసులు చాలక 2024లో కొత్త ఇళ్ల పర్మిట్లు కొన్నాళ్లు ఆపేశారు. ఆ స్థలంలో రెండు బెడ్‌రూములవి వస్తే మొదట అడిగేది నేనే.

ఎల్డొరాడో అమ్మ:
అందరికీ థాంక్సండి. సంతకం పెట్టడం లేదు. సిటీవాళ్లు జనం మాట వినే హియరింగ్ ఉంటే వెళ్లి రెండు అడుగుతాను: కింది అంతస్తులో మెట్లెక్కకుండా ఉండే చిన్న ఇళ్లు ఎన్ని ఇస్తారు, పక్క స్కూలుకి పిల్లలు నడిచి వెళ్లే దారి వేస్తారా అని. చెల్లీ, నీ గంటంపావు సంగతి కూడా చెబుతాను. పెద్దాయనా, ఆంటీగారి మోకాళ్ల గురించి అక్కడ చెప్పొచ్చా? పేరు చెప్పను.