300 కి.మీ. బ్రెవే (నిర్ణీత సమయంలో పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) అయి పది రోజులైంది, చిటికెన వేలి తిమ్మిరి పోవట్లేదు

గాలిచక్రం:
రోడ్ బైక్, 25 ఎంఎం టైర్లు, గాలి ఒత్తిడి 110 పీఎస్ఐ. బరువు 72 కిలోలు. 180 కి.మీ. దగ్గర ఎడమ చిటికెన వేలు, సగం ఉంగరపు వేలు మొద్దుబారాయి. ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమే. జెల్ గ్లోవ్స్ ఉన్నాయి, ఇంకా మందమైనవి కొనాలా? వచ్చే నెల 400 ఉంది.

నిదానం_రాండో:
గ్లోవ్స్‌కి డబ్బు తగలేయకండి. అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు చిన్న ఎముక తగులుతుంది చూడండి, చిటికెన, ఉంగరపు వేళ్లకి వెళ్లే అల్నార్ నరం దాని పక్కనుంచే పోతుంది. హుడ్స్ (బ్రేక్ లివర్ల రబ్బరు పిడులు) మీద మణికట్టు వెనక్కి వంచి గంటల తరబడి ఒరిగితే అది నలుగుతుంది. జెల్ దిండు సరిగ్గా అక్కడే ఉబ్బితే ఇంకా ఒత్తుతుంది.

అసలు చేతుల మీద అంత బరువెందుకు పడుతోందో చూడండి. సైకిల్‌ని సమమైన నేల మీద నిలబెట్టి, సీటు పొడవునా గట్టి అట్ట వేసి, దానిమీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ తెరవండి. సీటు ముక్కు కిందికి వాలితే ఒళ్లు ముందుకు జారుతుంది, ఆపాల్సింది చేతులే. ముందు దాన్ని సమం చేయండి. చాలకపోతే స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) పైనున్న ఒక స్పేసర్ (రింగు) దాని కిందికి వేసి హ్యాండిల్ ఎత్తండి. బిగించేటప్పుడు ముందు టాప్ క్యాప్ (పైమూత బోల్టు), తర్వాతే స్టెమ్ బోల్టులు. తిరగేస్తే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లొడలొడలాడుతుంది. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలీదు.

బెజవాడ_పెడల్:
110 ఏంటి బ్రో, రాయిలా ఉంటుంది! మీ బరువుకి ముందు 80, వెనక 85 చాలు. ఫ్రేమ్‌లో పడితే 28 ఎంఎం టైర్లు వేసి 70 దగ్గర పెట్టండి. టోల్ గేట్ల ముందు రంబుల్ స్ట్రిప్స్ మీద తేడా మీకే తెలుస్తుంది. పది నిమిషాలకోసారి చేతులు మార్చండి: హుడ్స్, పైన బార్, డ్రాప్స్ (కిందికి వంగిన భాగం).

ఫిజియో_విశాఖ:
సెట్టింగ్ తర్వాత సంగతి. గుండీ పట్టట్లేదంటే స్పర్శే కాదు, బలం కూడా తగ్గి ఉండొచ్చు. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య కాగితం పట్టుకోండి, ఎవరైనా లాగాలి. ఆపడానికి బొటనవేలి కొస కణుపు వంగిపోతే కండరం బలహీనపడినట్టే. అరచేతి వెనక, చిటికెన వేలి వైపు కూడా మొద్దుగా ఉంటే ఇబ్బంది మణికట్టు దగ్గర కాదు, ఇంకా పైన, ఎక్కువగా మోచేతి దగ్గర. బి12 మాత్రలతో నెట్టుకురావద్దు.

గాలిచక్రం:
వంగుతోందండీ, కుడిచేయి బాగానే ఉంది. సీటు ముక్కు 4 డిగ్రీలు కిందికుంది. 400 మానేస్తున్నా. నర్వ్ కండక్షన్ టెస్ట్ (నరంలో సంకేతాలు ఎలా పోతున్నాయో కొలిచేది) ముందే చేయించుకోనా?

ఫిజియో_విశాఖ:
వద్దు, ముందు న్యూరాలజిస్ట్‌కి చూపించండి. మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా ఎక్కడెక్కడ కొలవాలో ఆయన రాసిస్తారు. ఈలోపు డ్రాప్ బార్ (రోడ్ బైక్ వంపు హ్యాండిల్) ముట్టుకోవద్దు.