పెద్దల ముందు రాసుకున్న విడిపోయే కాగితం చెల్లుతుందా?

అంబాజీపేట అన్నయ్య:
చెల్లి పెళ్లి భీమవరంలో, కాపురం రాజమండ్రిలో. 20 నెలలుగా మా ఇంట్లోనే ఉంటోంది. బావగారు కువైట్‌లో. పెద్దమనుషులు కూర్చుని 100 రూపాయల స్టాంపు కాగితం మీద "ఇకపై ఒకరికొకరు సంబంధం లేదు" అని రాయించి సంతకాలు పెట్టించారు. 5 లక్షలకు ఒప్పుకుని 2 ఇచ్చారు. బాబుకి నాలుగేళ్లు. ఈ కాగితంతోనే రెండో సంబంధం చూడొచ్చంటున్నారు, నిజమేనా అండి?

కోర్టు గుమ్మం:
చూడకూడదండి. స్టాంపు కాగితం మీద విడాకులు రావు. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం 29(2) కాపాడుతుంది గానీ, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి, అది తేలిక కాదు. డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం.

అలాగని ఆ కాగితం చింపెయ్యకండి. ఎప్పట్నుంచి విడిగా ఉంటున్నారో, 2 లక్షలు ముట్టాయో లేదో చెప్పే సాక్ష్యం అదే.

ఇద్దరికీ ఇష్టమే కాబట్టి 13బి, అంటే పరస్పర అంగీకారం పిటిషన్ వేయించండి. ఏడాది విడిగా ఉంటే చాలు. భీమవరం, రాజమండ్రి రెండూ కుదురుతాయి. ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్ఎంఓపీగా (హిందూ వివాహ పిటిషన్‌గా) నంబరవుతుంది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి ఆధార్, విడిగా ఉంటున్నట్టు చిరునామా రుజువు పెడతారు. కోర్టులో ఇద్దరి మొదటి స్టేట్‌మెంట్లయ్యాక, పిటిషన్ వేసిన నాటి నుంచి 6 నెలలు ఆగి రెండోసారి హాజరవ్వాలి, 18 నెలలు దాటకూడదు. ఆ 6 నెలలూ తగ్గించమని అడగొచ్చు. 2017 సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ తీర్పు ప్రకారం, పిటిషన్ నాటికే ఏడాదిన్నర ఎడబాటు ఉండి, రాజీకి ఇక అవకాశం లేక, డబ్బు, బిడ్డ సంగతి తేలిపోయి ఉండాలి. మీకు 20 నెలలయ్యాయి కదా, మొదటి స్టేట్‌మెంట్లయిన వారానికే దరఖాస్తు పెట్టించండి.

పెళ్లి చర్చిలో అయ్యుంటే చట్టం వేరు, 1869 విడాకుల చట్టం.

లంక వకీలు:
కువైట్ మనిషి సంగతి. జీపీఏ, అంటే తన తరఫున ఇంకొకరు పనులు చూసేందుకిచ్చే అధికార పత్రం, అక్కడి మన ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపాలి. ఇండియాకి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, చాలామంది ఇక్కడే తప్పుతారు. "కోర్టు పనులన్నీ" అని పైపైన రాస్తే సరిపోదు. 13బి పిటిషన్, షరతులు, డబ్బు చెల్లింపు అని పేరుపేరునా ఉండాలి. జీపీఏ ఉన్నా జడ్జిగారు అతని నోటితోనే వినాలంటే వీడియో ద్వారా హాజరుకమ్మంటారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, శుభలేఖలో ఒకలా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ముందే జతచెయ్యండి.

పసుపు కుంకుమ లెక్క:
ఆ మిగతా 3 లక్షల మీదే అసలు గొడవొస్తుంది. డిక్రీ అయ్యేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు, 1991లో సుప్రీంకోర్టు చెప్పిందే. కాబట్టి మొత్తం ముందే పుచ్చుకుని పిటిషన్ వెయ్యమంటే అటువాళ్లు భయపడతారు, తర్వాత ఇస్తామంటే మీరు భయపడాలి. సగం మొదటి స్టేట్‌మెంట్ రోజు, సగం రెండోసారి హాజరైన రోజు కోర్టులోనే డీడీగా, డీడీ నంబరు మెమోలో రాయించి తీసుకోండి. నగదు వద్దు.

బంగారం ఎన్ని గ్రాములు, సారె సామాన్లేంటి, ఎవరి దగ్గరున్నాయి అని జాబితా రాయండి. "అన్నీ ముట్టాయి" అన్న వాక్యం చదవకుండా సంతకం పెట్టించొద్దు. చెల్లి పేర పసుపు కుంకుమగా రాసిన భూమి ఉంటే అది ఆమెదే, బేరంలోకి రానివ్వకండి.

బాబు మనోవర్తి విడిగా రాయించండి. తల్లి వదులుకున్నంత మాత్రాన బిడ్డ హక్కు పోదు.

అంబాజీపేట అన్నయ్య:
ఆయన చివర్లో మొండికేస్తే?

కోర్టు గుమ్మం:
అప్పుడు సెక్షన్ 13(1). వదిలేశాడన్న కారణానికి రెండేళ్లు నిండాలి, మీకింకా నాలుగు నెలలుంది. క్రూరత్వానికి ఆ గడువు లేదు, కానీ తేదీలు, సంఘటనలు కావాలి. అంబాజీపేటలో ఉంటోంది కాబట్టి భార్యగా అమలాపురంలోనూ వెయ్యొచ్చు. సెక్షన్ 24 కింద మధ్యంతర మనోవర్తి అడిగితే 2020 రజనీష్–నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన పంపిన డబ్బు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ ఇప్పుడే తీసి ఉంచండి.

కువైట్ చిరునామా తెలిసీ పాత రాజమండ్రి ఇంటికి సమన్లు పంపించి ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆయన హాజరు కాకుండానే వచ్చే డిక్రీ తెచ్చుకోవద్దు. తర్వాత ఆయనొచ్చి తనకు తెలియదంటే రద్దయిపోతుంది, ఈలోగా మళ్లీ పెళ్లయ్యుంటే పెద్ద చిక్కు. అంగీకారంతో కాక పోరాడి తెచ్చుకున్న డిక్రీ అయితే అప్పీలు గడువు పోయేదాకా, 90 రోజులు ఆగడం క్షేమం.

లంక వకీలు:
ఫీజుకి ఇబ్బందైతే అమలాపురం కోర్టు ఆవరణలో న్యాయసేవా కమిటీకి దరఖాస్తు పెట్టండి. ఆడవాళ్లకి ఆదాయ పరిమితి లేదు. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండు సెట్లు తీయించండి, బాబు పాస్‌పోర్టుకి ఒకటి పనికొస్తుంది.